వదిన సన్మానం

మార్చి 2, సోమవారం

ఈ ఏడాది కూడా నా పేరు లేదు.

మీటింగులో డైరెక్టరు గారు పేర్లు చదువుతుంటే ఒళ్ళో చేతులు పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాను. వంటశాలలో పెద్దావిడ, గేటు కాపలాదారు, లెక్కల మాస్టారు. ఆఖర్న, "మన పసిపిల్లల బస్సులో ఆయా గారు" అన్నారు. మా వదిన. గదిలో ఉన్నవాళ్ళంతా నా వైపు తిరిగి, మీ ఇంటికే వచ్చింది కదా మేడమ్, పార్టీ ఎప్పుడు అని మొదలుపెట్టారు. నవ్వాను. నవ్వకపోతే కుళ్ళుకుంటున్నానంటారు.

నాకు కుళ్ళెందుకు? ఈ చుట్టుపక్కల బడులన్నీ మా ఆఫీసు కిందే నడుస్తాయి. వాటిల్లో పనిచేసేవాళ్ళకి ఏటేటా జరిగే "మన బడి మనుషులు" సభ నా చేతుల మీదే జరుగుతుంది. హాలు మాట్లాడేది నేను, పూలగుత్తులు తెప్పించేది నేను, జ్ఞాపికల మీద పేర్లలో దీర్ఘాలు సరిచూసేది నేను. సన్మానపత్రాలు రాసేదీ, మైకు ముందు నిలబడి చదివేదీ నేనే. అంతమందిని పొగిడిన నోరు ఇది. ఈ నోటిని పొగడాలని ఇన్నేళ్ళలో ఒక్కరికీ తోచలేదు. తోచకపోతే పోయె.

అంటే వదినకి రాసేది కూడా నేనే.

మార్చి 4, బుధవారం

వదినకి ఈ రోజు కబురు అందింది. మేడ మీద నా గదికి మెట్లన్నీ దబదబా ఎక్కి వచ్చింది, ఆ మోకాళ్ళతో. తలుపు కొట్టడం మానేసి చాలాకాలమైంది. లోపలివాళ్ళు రమ్మన్నా నాకు వినపడదు కదా, ఇంకెందుకు కొట్టడం అంటుంది.

"దొరసానీ! తెలిసిందా?" అంది. అంది అనకూడదు, అరిచింది అనాలి. చెవులు తగ్గినకొద్దీ ఆమె గొంతు పెరిగింది.

దొరసాని అంటే నేను. నా కాపురం చెడి, పెట్టె పట్టుకుని అన్నయ్య ఇంటికి వచ్చిన రోజున, గుమ్మంలోనే "దొరసాని దిగిందండోయ్" అంది. అప్పుడూ అందరూ నవ్వారు. ఆ పేరు ఇంట్లో ఆగిందా అంటే ఆగలేదు. బస్సెక్కింది, బళ్ళన్నీ తిరిగింది, చివరికి మా ఆఫీసు నౌకరు కూడా నేను అటు వెళ్ళగానే "దొరసాని గది తాళం ఏదీ" అంటాడట.

మంచం మీద నా పక్కన చతికిలబడి, గడ్డం పట్టుకుని నా మొహం తన వైపు తిప్పుకుంది. ఆమెకి మాట కావాలంటే మొహం కావాలి. పెదాలు చూసి పోల్చుకుంటుంది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవిలో ఏదో గొణుగుడు మిగిలింది. ఈ సంగతి తెలిసినవాళ్ళం ఇంట్లో ఉన్న ముగ్గురమే. వినికిడి లేనివాళ్ళని పిల్లల బస్సు ఎక్కించకూడదని రూలు మరి. బయటివాళ్ళ దగ్గర వదిన ఎలా నెట్టుకొస్తుందంటే, ఎదుటివాళ్ళకి సందివ్వకుండా తనే మాట్లాడుతుంది. వాళ్ళు మధ్యలో ఏదైనా అంటే నవ్వేసి "అంతే మరి!" అంటుంది. ఆ రెండు ముక్కలు దేనికైనా సరిపోతాయి. ఎండ మండిపోతోందన్నా అంతే మరి, మా మావగారు పోయారన్నా అంతే మరి.

"రాసేది నువ్వేగా," అంది. "నీ ఇష్టమొచ్చినట్టు రాసుకో. గయ్యాళినని రాయి, బస్సుకి హారను అక్కర్లేదు నేనుంటే చాలని రాయి. చెవుల సంగతి మాత్రం..." అని తన నోటికి తనే చెయ్యి అడ్డం పెట్టుకుంది. "ఆ బస్సు పోతే నేను చచ్చినట్టే, నీకు తెలుసుగా. ఇంట్లో కూర్చుంటే నాకు గోడా ఒకటే, మనిషీ ఒకటే. మీ అన్నయ్య పేపరు అడ్డం పెట్టుకుని మాట్లాడతాడు. ఆ పిల్లలైతే ఒళ్ళోకెక్కి, మొహంలో మొహం పెట్టి చెబుతారు. ఒక్క ముక్క పోదు."

"నాకు తెలియదా వదినా," అన్నాను.

"ఇంకోటి. చదివేటప్పుడు మైకు కాస్త పక్కకి పెట్టుకో. నీ నోరు కనబడాలి నాకు. ఎక్కడ నవ్వాలో, ఎక్కడ సిగ్గుపడాలో తెలియకపోతే అంతమందిలో పిచ్చిమొహం వేసుకుని నిలబడాలి."

సరేనన్నాను. వెళ్తూ వెళ్తూ నా బుగ్గ గిల్లింది. ఈ వయసులో.

మార్చి 5, గురువారం

చెవుల సంగతి రాయనని నేను మాటివ్వలేదు. "నాకు తెలియదా" అన్నాను. అంతవరకే.

మార్చి 9, సోమవారం

వదిన మీద రాసిన ముక్క డైరెక్టరు గారికి చూపించాను. పిల్లలంటే ప్రాణమని, ఎప్పుడూ నవ్వు మొహమేనని రాశాను. అబద్ధం ఏమీ లేదు.

"చప్పగా ఉంది మేడమ్," అన్నారు. "మీరు రాసినట్టే లేదు. 'అయినా' ఏదీ?"

'అయినా' నేను పెట్టిన అలవాటే. నా సన్మానపత్రం ఏదైనా ఆ మాట దగ్గర మలుపు తిరుగుతుంది. భార్య మంచాన పడింది, అయినా మాస్టారు సెలవు పెట్టలేదు. కాళ్ళు వాచిపోయాయి, అయినా పెద్దావిడ పొయ్యి దగ్గర నుంచి కదల్లేదు. ఆ మాట అని ఒక్క క్షణం ఆగుతాను. హాల్లో చేతిరుమాళ్ళు బయటికి వస్తాయి. డైరెక్టరు గారికి ఆ రుమాళ్ళు కనపడితేనే సభ జరిగినట్టు. ఆఫీసులో దీని మీద జోకులు కూడా ఉన్నాయి. ఎవరైనా తుమ్మితే చాలు, "జాగ్రత్త, మేడమ్ గారు అయినా పెట్టేస్తారు" అంటారు. అననీ. రాయడం వాళ్ళ వల్ల కాదు.

కిందటేడు తోటమాలిది బ్రహ్మాండంగా వచ్చింది. "కన్నకొడుకు జైల్లో ఉన్నాడు. అయినా ఈ తండ్రి ప్రతి మొక్కనీ బిడ్డలా పెంచాడు" అన్నప్పుడు హాలంతా ముక్కులు చీదింది. కొడుకు సంగతి ఆ బళ్ళో ఎవరికీ తెలియదట అప్పటిదాకా. తోటమాలి జ్ఞాపికని కుర్చీలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి పనికీ రాలేదు, ఊరు మారాడన్నారు. పెద్దవాడు కదా, అంత పొగడ్త తట్టుకోలేకపోయాడు.

వదినకి 'అయినా' ఎక్కడ నుంచి తేను? ఎప్పుడు చూసినా ఇకిలిస్తూ తిరిగే మనిషి. ఏడిపించే సరుకు ఆమె దగ్గర ఉన్నది ఒక్కటే.

మోకాళ్ళు రాస్తాను.

మార్చి 12, గురువారం

మోకాళ్ళు పాసయ్యాయి. "మోకాళ్ళు అరిగిపోయాయి. అయినా ఈ తల్లి పసివాళ్ళ కోసం ఆ బస్సు మెట్లు ఎక్కుతూనే ఉంది." డైరెక్టరు గారు చదివి "పరవాలేదు" అన్నారు. పరవాలేదట! తోటమాలికి "అద్భుతం" అన్న మనిషి.

సాయంత్రం బస్సుల ఆయన వచ్చాడు. మా ఆఫీసులో బస్సులన్నీ చూసేది ఆయనే. డ్రైవర్లకీ ఆయాలకీ ఏటా కళ్ళూ చెవులూ పరీక్ష చేయించి, పరవాలేదని సంతకం పెట్టేదీ ఆయనే. లోపలికి రాకుండా తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"మీ వదిన గారి గురించి రాశారట."

"మోకాళ్ళ మీద రాశాను."

"మోకాళ్ళేగా?"

"మరేం ఉంది?"

"ఏం లేదు మేడమ్, ఏం లేదు. మోకాళ్ళు బాగున్నాయి," అన్నాడు. తలుపు మెల్లిగా దగ్గరికి వేసి పోయాడు.

ఆయనకి తెలుసు. తెలిసే సంతకం పెడుతున్నాడు. వదిన చూడు, బయటి మనిషిని కూడా ఎలా బుట్టలో వేసుకుందో. నేను ఒక్కరోజు ఆలస్యంగా వస్తే ఈ ఆఫీసులో గడియారం చూడని మనిషి ఉండడు.

మార్చి 15, ఆదివారం

అన్నయ్య స్నేహితుడూ ఆయన భార్యా మధ్యాహ్నం భోజనానికి వచ్చారు. సన్మానం సంగతి వచ్చింది. ఆవిడ నన్ను చూసి, "ఇంతమందికి చేయిస్తున్నారు, మరి మీకెప్పుడండీ సన్మానం?" అంది. మంచి మనసుతోనే అడిగింది. ఏం చెప్పాలో నేను మనసులో కూర్చుకుంటున్నాను.

వదిన వడ్డిస్తూ ఆవిడ పెదాలు పట్టేసింది.

"దొరసానికా? దొరసానికి ఎవరు రాస్తారమ్మా, తనే రాసుకోవాలి!" అంది. అని గిన్నె కింద పెట్టి, మైకు పట్టుకున్నట్టు గరిటె నోటి ముందు పెట్టుకుని, అచ్చం నాలాగే గొంతు సాగదీసి, "ఎవరూ పిలవలేదు..." అని ఆగింది. నేను ఆగినట్టే ఆగింది. "అయినా, పెట్టె పట్టుకుని వచ్చేసింది!"

స్నేహితుడు నవ్వాడు, ఆయన భార్య నవ్వాపుకోలేక నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుంది. అన్నయ్య పొలమారేదాకా నవ్వాడు. మా అన్నయ్య. చిన్నప్పుడు నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పినవాడు.

"ఉడుక్కుంది చూడు, ఉడుక్కుంది! ఊరికే అన్నానే," అని వదిన నా తల నిమిరి, నా పళ్ళెంలో ఇంకో గరిటెడు కూర వేసింది.

నేను కూడా నవ్వాను. తిన్నాను. పళ్ళెం కడిగి పెట్టి మేడ మీదికి వచ్చాను.

మార్చి 16, సోమవారం

దానికీ దీనికీ సంబంధం లేదు. తర్వాత నాకే అనుమానం రాకుండా ముందే రాసి పెడుతున్నాను.

పొద్దున ఆఫీసుకి నడిచి వెళ్తుంటే వదిన బస్సు నా పక్కనుంచి పోయింది. కిటికీల నిండా చిన్న చిన్న తలలు. ఏ పిల్లకో వెనక సీటు సందులో వేలు ఇరుక్కుని కేక పెడితే? అదే సమయానికి వదిన ముందు సీటు దగ్గర వంగి ఇంకెవరికో బూటు లేసు కడుతూ ఉంటే? తల్లులు నమ్మి పంపుతున్నారు. తెలిసీ ఊరుకున్నవాళ్ళది తప్పు కాదా? ఇన్నాళ్ళూ నాకు ఈ ఆలోచన ఎందుకు రాలేదో మరి. పని ఒత్తిడి వల్ల అయి ఉంటుంది.

మార్చి 18, బుధవారం

వదిన మీద ఇంకోటి రాశాను. చదవడానికి కాదు. చేయి ఊరుకోక రాశాను.

చాలా బాగా వచ్చింది.

మార్చి 20, శుక్రవారం

సాయంత్రం సభ. వదిన పొద్దుటి నుంచీ అద్దం వదల్లేదు. నా ముత్యాల గొలుసు అడిగింది. ఇచ్చాను. ఆమె వెనక నిలబడి నేనే మెడలో వేసి, కొక్కెం పెడుతూ, "వదినా, మోకాళ్ళు చాలవు. ఇంకోటి చదువుతాను, సరేనా?" అన్నాను.

అద్దంలో ఆమె తన మెడే చూసుకుంటోంది. వద్దనలేదు.

చెప్పలేదని రేపు నన్ను ఎవరూ అనకూడదు. రెండు కాగితాలూ సంచిలో పెట్టుకున్నాను. అక్కడి పరిస్థితిని బట్టి చూద్దాం.

మార్చి 21, శనివారం

వివరంగా రాస్తాను. ఇలాంటి రోజు మళ్ళీ రాకపోవచ్చు.

హాలు నిండింది. తల్లులూ తండ్రులూ, టీచర్లు, డ్రైవర్లు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని మూడో వరసలో కూర్చున్నాడు. మొదటి ముగ్గురివీ చదివాను. పెద్దావిడ కాళ్ళవాపు కాస్త పరవాలేదు. లెక్కల మాస్టారి 'అయినా' దగ్గర ఆగితే, ఎవరో దగ్గడం తప్ప ఏమీ లేదు. వెనక వరసల్లో ఫోనులు వెలిగాయి. డైరెక్టరు గారు కూర్చున్న చోటు నుంచి నా వైపు చూశారు. ఆ చూపు నాకు తెలుసు. ఆ తర్వాత నేను ఏం చెయ్యగలను?

వదిన కమ్మీ పట్టుకుని మెట్లెక్కి వచ్చింది. నాకు ఎదురుగా నిలబడి, నా నోటి మీద చూపు పెట్టుకుని, నవ్వు సిద్ధం చేసుకుంది.

నేను మైకుని స్టాండులోంచి తీసి సరిగ్గా నోటి ముందు పట్టుకున్నాను. పక్కకి పెట్టుకుంటే గొంతు హాలు చివరిదాకా పోదు. మైకు సంగతి ఆమెకేం తెలుసు. వదిన తల ఇటు వంచింది, అటు వంచింది, కాస్త మునివేళ్ళ మీద లేచింది కూడా. నా పెదాలు దొరకలేదు. దొరక్కపోయేసరికి, నవ్వు మాత్రం అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

"ఈ తల్లికి ఒక చెవి పూర్తిగా వినపడదు," అని చదివాను. "రెండో చెవి రోజురోజుకీ మూసుకుపోతోంది. పసిపిల్లల నవ్వు ఈమె చెవిన పడి ఎన్నాళ్ళైందో! ఇప్పుడు మనం ఈమెని పొగుడుతున్నాం. ఈ పొగడ్త కూడా ఈమెకి వినపడటం లేదు. అయినా..."

ఆగాను. అంత నిశ్శబ్దం నేను ఎప్పుడూ సంపాదించలేదు. ఫోనులన్నీ కిందికి దిగాయి. అంత నిశ్శబ్దంలో వదిన నవ్వుతూ నిలబడి ఉంది.

"అయినా, ఈ బాధ ఎవరికీ తెలియనివ్వకుండా గుండెల్లో దాచుకుని, ఈమె మన బిడ్డల బస్సు ఎక్కుతూనే ఉంది."

ముందు వరసలో ఒకావిడ బావురుమంది. ఇక ఆగలేదు హాలు. డైరెక్టరు గారు రుమాలు పట్టుకుని వేదిక ఎక్కి, నా చేతిలో మైకు తీసుకున్నారు.

"అమ్మా, మీకు నిజంగానే వినపడదా?"

ఏదో అడిగారని వదినకి తెలిసింది. ఏం అడిగారో తెలియలేదు. పెద్దగా నవ్వి, మైకు అక్కర్లేని గొంతుతో, "అంతే మరి!" అంది.

కొందరు నవ్వారు, చాలామంది ఇంకా ఏడ్చారు. డైరెక్టరు గారు రుమాలుతో కళ్ళు ఒత్తుకున్నారు. "ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పకుండా నెట్టుకొచ్చారా తల్లీ?"

"అంతే మరి!"

నాకు నవ్వు ఆగక పెదవి కొరుక్కున్నాను. ఎవరూ చూడలేదు.

చప్పట్లు వినపడని మనిషికి చప్పట్లెందుకనుకున్నారేమో, ఎవరో రెండు చేతులూ పైకెత్తి ఊపారు. చూసి పక్కవాళ్ళు, వాళ్ళని చూసి హాలంతా. వదిన ఒక్క క్షణం తెల్లబోయి, తర్వాత బస్సు దిగిపోయే పిల్లలకి ఊపినట్టు తనూ చెయ్యి ఊపింది.

ఊపనివాళ్ళు ఇద్దరే. బస్సుల ఆయన నేల చూస్తున్నాడు. అన్నయ్యా నేలే చూస్తున్నాడు.

"అద్భుతం మేడమ్," అన్నారు డైరెక్టరు గారు, దిగిపోతూ.

మార్చి 22, ఆదివారం

వదిన జ్ఞాపికని తుడిచి టీవీ పక్కన పెట్టింది. మళ్ళీ తీసి కిటికీలో పెట్టింది. అక్కడా నచ్చలేదు.

"ఏం చదివావే నువ్వు?" అంది నన్ను పట్టుకుని. "ముందు వరసలో ఆవిడ వెక్కి వెక్కి ఏడ్చింది. మైకు మొహానికి అడ్డం పెట్టుకున్నావు, ఒక్క ముక్క పట్టుబడలేదు నాకు. చెప్పానా, పక్కకి పెట్టుకోమని?"

"మోకాళ్ళ గురించే వదినా."

"మోకాళ్ళకి అంత ఏడుపా!" అని నవ్వి నవ్వి అన్నయ్య భుజం మీద ఒక్కటి వేసింది. "మాయదారి రాతే తల్లీ నీది! ఏమయ్యా, నువ్వేం మాట్లాడవేం? బాగా చదివింది కదూ?"

అన్నయ్య ఆమె మొహంలోకి చూశాడు. "బాగా చదివింది," అన్నాడు. ఆమెకి తెలిసేలా పెదాలు స్పష్టంగా కదిలించి అన్నాడు.

నాతో ఏమీ అనలేదు. మా అన్నయ్య ఎవరితోనూ ఏమీ అనడు. గొడవంటే అంత భయం.

మార్చి 23, సోమవారం

వదినని బస్సు దింపేశారు.

పొద్దున నేను వెళ్ళేసరికే ఆఫీసు గుమ్మంలో తల్లులు. శుక్రవారం ఏడ్చిన మొహాలే. అంత గొప్ప మనిషిని కాదనలేం అంటున్నారు, కానీ మా పిల్లల్ని ఎలా పంపమంటారు అంటున్నారు. డైరెక్టరు గారు నన్ను లోపలికి పిలిచి, "రూలు రూలే కదా మేడమ్. ఆమె సేవ మాత్రం మరువలేనిది," అన్నారు. సంతకం పెట్టినందుకు బస్సుల ఆయన్ని సంజాయిషీ అడిగారు.

పిల్లలంతా దిగాక చెబుతారనుకున్నాను. బస్సుని మా ఆఫీసు ముందు ఆపి, వాళ్ళ ముందే దింపారు. కిటికీలోంచి చూశాను. బస్సుల ఆయన ఆమెకి ఎదురుగా నిలబడి, మెల్లగా, ఒక్కొక్క మాటా విడదీసి చెప్పాడు. వదిన నవ్వలేదు, అంతే మరి అనలేదు. ఒక పిల్ల ఆమె కొంగు పట్టుకుని వదల్లేదు. కొత్త ఆయా వచ్చి ఆ వేళ్ళు విడిపించింది.

సాయంత్రం వదిన నా గదికి వచ్చింది. మెట్ల చప్పుడు కూడా కాలేదు.

"నా చెవుల సంగతి వాళ్ళకెవరు చెప్పారే?" అంది. ఆమె గొంతు అంత చిన్నగా ఉండగలదని నాకు తెలియదు. "ఇన్నాళ్ళూ లేనిది ఇప్పుడెలా తెలిసింది? నువ్వు ఆఫీసులో ఉంటావుగా, ఏమైనా విన్నావా?"

మొహం ఆమె వైపు తిప్పాను.

"బస్సుల ఆయనే అయ్యుంటాడు వదినా," అన్నాను. పెదాలు బాగా కదిలించి చెప్పాను. ఆమెకి ఇబ్బంది లేకుండా.

మార్చి 24, మంగళవారం

నిన్న నేను ఆ మాట అన్నప్పుడు అన్నయ్య మా వెనక గుమ్మంలో ఉన్నాడు. విన్నాడు. అందులో అబద్ధం ఉంటే అతనికీ వాటా ఉంది.

మార్చి 25, బుధవారం

వదిన బస్సుల షెడ్డుకి వెళ్ళిందట. డ్రైవర్లందరి ముందూ బస్సుల ఆయన్ని పట్టుకుని, నీ నోరు పడిపోను, నీకేం ద్రోహం చేశానురా, నీ బిడ్డని కూడా నా ఒళ్ళోనే కూర్చోబెట్టుకున్నాను కదరా అని దులిపేసిందట. ఆయన ఆఖరిదాకా నిలబడి తిట్లు తిన్నాడట. ఆమె అలిసిపోయాక, "మీ ఆడపడుచు గారు మైకులో చెప్పారమ్మా. అందరం విన్నాం," అన్నాడట. వదిన నమ్మక, ఇంకోసారి చెప్పమందట. ఇంకోసారి చెప్పాడట. ఇదంతా నాకు నౌకరు చెప్పాడు. ఎంత ఇష్టంగా చెప్పాడో.

తర్వాత బస్సుల ఆయన కూడా నా గదికి వచ్చాడు.

"నాతో ఒక్క మాట చెవిలో చెప్పి ఉంటే ఏదో దారి చూసేవాణ్ణి మేడమ్. ఇంకో మనిషిని తోడు ఇచ్చేవాణ్ణి. మీరు మైకులో పొగిడారు. పొగిడాక నేను ఏమని దాచను?"

"నేను మంచే రాశాను."

"అవునండీ. చాలా బాగా రాశారు," అన్నాడు.

మార్చి 26, గురువారం

కిందికి దిగేసరికి వాళ్ళిద్దరూ వంటింట్లో ఎదురెదురుగా కూర్చుని ఉన్నారు.

"నువ్వు అక్కడే ఉన్నావుగా," అంటోంది వదిన. "మూడో వరసలో. విన్నావుగా? తల దించుకోకు, నాకు మొహం చూపించు."

అన్నయ్య చూపించాడు. మొహమంతా కన్నీళ్ళు.

"ఏడవకు," అంది. "నీకు నోరు లేదని పెళ్ళైన కొత్తలోనే తెలిసింది నాకు. చెవులైనా ఉన్నాయనుకున్నాను."

అప్పుడు నా వైపు తిరిగింది. రెండు రోజులుగా కూర్చుకుంటున్న మాటలు మొదలుపెట్టాను. "వదినా, నీ మంచికే. రేపు ఏ పిల్లకైనా ఏదైనా జరిగితే ఆ నింద నీ మీద..." నా నోటి వైపు అంతవరకు చూసింది. నింద అన్న మాట దగ్గర మొహం పక్కకి తిప్పేసుకుంది. తిప్పుకుని, గోడ వైపు చూస్తూ కూర్చుంది. నేను ఇంకా కాసేపు మాట్లాడాను.

మార్చి 30, సోమవారం

నన్ను చూడటం లేదు. ఎదురుపడితే పక్కకి తప్పుకుంటుంది, భోజనం పెట్టి అటు తిరుగుతుంది. అన్నయ్యని చూస్తుంది, పాలు పోసేవాణ్ణి చూస్తుంది, ఎదురింటి కుక్కని కూడా చూస్తుంది. దొరసాని అని పిలవడం లేదు. ఇల్లు ప్రశాంతంగా ఉంది. రాసుకోవడానికి చాలా బాగుంది.

ఏప్రిల్ 1, బుధవారం

పొద్దున ఏదో అన్నాను ఆమెతో. మంచినీళ్ళ కుండ గురించి. ఎంతసేపు అన్నానో.

ఏప్రిల్ 6, సోమవారం

నేను అందరూ అనుకునేంత చెడ్డదాన్ని కాదు. డైరెక్టరు గారి దగ్గర నిలబడి అడిగాను. పుస్తకాల గదిలో మనిషి కావాలి, బడి పుస్తకాలకి అట్టలు వెయ్యాలి, సర్దాలి, అక్కడ చెవులతో పని లేదు అన్నాను. ఒప్పుకున్నారు. పిల్లలు ఆ గదికి రారు, నిజమే. బడి ఆవరణలోనే ఉంటుంది కదా.

ఇంటికి వస్తూనే సంచి కూడా దించకుండా వంటింట్లోకి వెళ్ళాను. వదిన నేల మీద కూర్చుని కూరగాయలు తరుగుతోంది. ఎదురుగా కూర్చున్నాను. పక్కకి తిరిగింది. లేచి ఆ పక్కకి వెళ్ళి కూర్చున్నాను. ఇంక తిరగడానికి చోటు లేదు, అటు గోడ. అప్పుడు కళ్ళు మూసేసుకుంది.

కళ్ళు మూసుకునే తరుగుతోంది. కత్తి ఆగలేదు. వేలు తెగుతుందేమోనని నాకే ఒళ్ళు జలదరించింది.

"వదినా, నీకు పని దొరికింది," అన్నాను. "నేనే అడిగాను. నీ కోసం అడిగాను. వదినా, ఒక్కసారి ఇటు చూడు."

భుజాలు పట్టుకుని కుదిపాను. కుదుపుకి ఊగింది, కళ్ళు మాత్రం విప్పలేదు. రెప్పలు గట్టిగా బిగించుకుంది, మందు తాగనని మొండికేసే పిల్లలా. ఎడమ చెవిలో గొణుగుడు మిగిలిందిగా, ఆ చెవి దగ్గరికి నోరు పెట్టి అరిచాను. నిజం చెప్పాలంటే ఏం అరిచానో నాకే గుర్తు లేదు. పని అన్నాను, బడి అన్నాను, చివరికి ఉత్తినే వదినా, వదినా అని అరిచాను. ఈ ఇంట్లో నాతో మాట్లాడే మనిషి ఆమె ఒక్కతే. అన్నయ్య మాట్లాడడు. ఆఫీసులో నాతో జోకులు వెయ్యరు, నా మీద వేస్తారు.

అన్నయ్య గుమ్మంలోకి వచ్చాడు.

"ఎందుకే ఆ అరుపు," అన్నాడు. "చూడకపోతే తనకి వినపడదు."

"నాకు తెలియదా?" అన్నాను. "అంతమంది ముందు మైకులో చెప్పింది నేనే."

ఆ ముక్క కూడా వదినకి చేరలేదు.